జాజికాయ కోసం ఖాళీ చేసిన దీవులు

యూరప్ ఓడలు చేరిన చోట్ల ఇన్ని జాతులు ఎలా తుడిచిపెట్టుకుపోయాయి అని అడిగితే మనకు వెంటనే దొరికే జవాబు రోగాలు. మశూచి, తట్టు వంటివి ఓడల్లో వచ్చాయి, వాటిని తట్టుకునే శక్తి అక్కడివారికి లేదు, ఊళ్లకు ఊళ్లు రాలిపోయాయి. ఇది అబద్ధం కాదు. అమెరికా ఖండాల్లో ఎక్కువ ప్రాణాలు తీసినవి అంటువ్యాధులే. కాకపోతే ఈ జవాబులో చెప్పేవారికి ఒక వెసులుబాటు ఉంది. రోగానికి ఉద్దేశం ఉండదు. దాన్ని నిలదీయలేం, దాని చేత సంజాయిషీ రాయించలేం.

అమెరికా విషయంలోనే ఈ జవాబు పూర్తిగా నిలబడదు. కొలంబస్ 1492లో చేరిన హిస్పానియోలా దీవిలో టైనో జనం లక్షల్లో ఉండేవారు. మశూచి ఆ దీవికి చేరింది 1518 చివర్లో. అంతకు నాలుగేళ్ల ముందే, 1514లో, స్పెయిన్ అధికారులు పనివాళ్లను తమవారికి పంచిపెడుతూ వేసిన లెక్కలో తేలినవారు ముప్పై వేల లోపే. గనుల్లో వెట్టిచాకిరీ, పంటలు వేసుకునే తీరిక లేక వచ్చిన ఆకలి, తిరగబడిన ఊళ్ల మీద దాడులు అప్పటికే జనాన్ని నేలమట్టం చేశాయి. మశూచి వచ్చింది ఆ తర్వాత.

అయినా అక్కడ వాదించడానికి ఎంతోకొంత చోటు ఉంది. ఏ మాత్రం చోటు లేని ఉదాహరణ ఇంకొకటి ఉంది: నేటి ఇండోనేషియా తూర్పున, బాండా సముద్రం మధ్య ఉన్న బాండా దీవులు అనే చిన్న గుంపు. జావా, మలక్కా, చైనా, భారత తీరాల సరుకుతో, మనుషులతో శతాబ్దాల పరిచయం ఉన్న జనం వాళ్లు. ఆసియా అంతటా తిరిగే రోగాలు వాళ్లకు కొత్త కాదు. 1621 ఆరంభంలో అక్కడ పదిహేను వేల వరకు జనం ఉండేవారని అంచనా. అదే సంవత్సరం ముగిసేసరికి దీవుల్లో మిగిలినవారు వెయ్యి మంది, అటూ ఇటూగా. చేయించినవారెవరో, ఎందుకో, ఏ రోజున ఏం జరిగిందో కాగితాల మీద ఉంది. చేసినవాళ్లే రాసి పెట్టుకున్నారు. దీనంతటికీ మూలం మతం కాదు, జాతి వైరం కాదు, ఒక కొనుగోలు ఒప్పందం. ఆ కొనుగోలుకు చెల్లించిన మూల్యంలో మన మచిలీపట్నం తీరపు బట్ట కూడా ఉంది.

ఒక్క చెట్టు, ఒక్క చోటు

జాజికాయ, జాపత్రి వేర్వేరు చెట్లవి అనుకునేవారు ఇప్పటికీ ఉన్నారు. రెండూ ఒకే పండులోవి. నిమ్మకాయ కంటే కాస్త పెద్దగా, లేత పసుపు రంగులో ఉండే పండు పక్వానికి రాగానే చెట్టు మీదే రెండుగా విచ్చుకుంటుంది. లోపల నల్లగా మెరిసే గింజ, దాన్ని చుట్టుకుని వల అల్లినట్టు రక్తం రంగు పొర. ఆ పొరను ఒలిచి ఆరబెడితే పసుపు, నారింజ రంగుకు తిరిగి జాపత్రి అవుతుంది. గింజను వారాల తరబడి ఎండబెట్టి, పైపెంకు పగలగొడితే బయటపడేది జాజికాయ. మన ఇళ్లలో పసిపిల్లలకు సానమీద అరగదీసి నాకించేది, తాంబూలంలో వేసేది, బిర్యానీ మసాలాలో పడేది అదే.

ఈ చెట్టుకు నెత్తిన నీడ కావాలి, సముద్రపు తడిగాలి కావాలి, నీరు నిలవని నేల కావాలి. బాండాలో అగ్నిపర్వతపు మట్టి, కెనారి అనే మహావృక్షాల నీడ ఈ మూడింటినీ అమర్చాయి. పండు విచ్చుకోగానే ఎర్రటి పొర కోసం వచ్చే పెద్ద పావురాలు గింజను మింగి ఇంకోచోట వదిలేవి. అలా అడవే తోటలా పెరిగింది. పద్దెనిమిదో శతాబ్దం చివరిదాకా ప్రపంచ వాణిజ్యంలో తిరిగిన జాజికాయ దాదాపు మొత్తం ఈ నాలుగైదు దీవులదే: లోంతోర్, నెయిరా, ఐ, రన్, రోజెంగైన్. వీటిలో రన్ పొడవు మూడు కిలోమీటర్లు. చాలా పటాల్లో అది చుక్కగా కూడా కనిపించదు.

ఇంత విలువైన పంట ఉన్న చోట ఒక రాజు, ఒక కోట, ఒక సైన్యం ఉంటాయని అనుకుంటాం. బాండాలో అవేవీ లేవు. ఊరూరికీ 'ఒరాంగ్ కాయా' అనే పెద్దలు ఉండేవారు. వ్యాపారం వల్ల, వంశం వల్ల, మాట నెగ్గించుకునే నేర్పు వల్ల వచ్చిన పెద్దరికం అది. ఊళ్లు రెండు కూటములుగా ఉండి అప్పుడప్పుడు తమలో తాము పోట్లాడుకునేవి. ఒక ఊరి పెద్ద ఇంకో ఊరి తరఫున మాట ఇవ్వలేడు. తర్వాత జరిగినదంతా అర్థం కావాలంటే ఇది గుర్తుండాలి.

ఇంకో సంగతి కూడా ఉంది. బాండా జనం తమ తిండి తాము పండించుకునేవారు కాదు. సాగో పిండి చుట్టుపక్కల దీవుల నుంచి, బియ్యం జావా నుంచి, బట్ట ఇంకా దూరం నుంచి వచ్చేవి. వాళ్లే సొంత ఓడల్లో మలక్కా దాకా వెళ్లి జాజికాయతో పాటు ఉత్తరాది దీవుల లవంగాలు కూడా అమ్మేవారు. వచ్చిన వర్తకుడికల్లా అమ్మడం వాళ్ల దురాశ కాదు, బతుకుతెరువు. జావా ఓడ రాకపోతే పొయ్యి వెలగదు.

మన బట్ట ఎందుకు కావలసి వచ్చింది

పోర్చుగీసువారు 1511లో మలక్కాను పట్టుకుని, మరుసటి ఏడు ఆంటోనియో ది అబ్రేయూ నాయకత్వంలో బాండాకు చేరారు. కొన్నారు, ఓడలు నింపుకున్నారు, వెళ్లారు. ఆ తర్వాత దాదాపు తొంభై ఏళ్లు వాళ్లు అక్కడ ఎందరో కొనుగోలుదారుల్లో ఒకరు మాత్రమే. 1599లో డచ్చివారు వచ్చారు. 1602లో హాలండ్‌లోని పోటీ సంస్థలన్నీ కలిసి డచ్ ఈస్టిండియా కంపెనీ ఏర్పడింది. యుద్ధం ప్రకటించడానికి, కోటలు కట్టడానికి, ఒప్పందాలు చేసుకోవడానికి ప్రభుత్వమే అధికారం కట్టబెట్టిన వ్యాపార సంస్థ అది. వాటాదారులకు లాభం పంచవలసిన సంస్థ చేతికి ఫిరంగి ఇస్తే అది దాన్ని కూడా పెట్టుబడిగానే చూస్తుంది.

డచ్చివారికి మొదట్లోనే ఒక ఇబ్బంది ఎదురైంది. సుగంధ ద్రవ్యాలు పండే దీవుల్లో వాళ్ల ఉన్ని, మఖమలు అడిగేవాడు లేడు. భూమధ్యరేఖ పక్కన ఉన్నిబట్ట ఎవరు కట్టుకుంటారు? వెండికి కొంత గిరాకీ ఉంది కానీ దాన్ని యూరప్ నుంచి మోసుకురావాలి. అక్కడ అందరూ కోరేది భారతదేశపు నూలుబట్ట: గుజరాత్‌ది, కోరమాండల్ తీరానిది. ముఖ్యంగా రంగు పోని ఎరుపు అద్దిన, చేత్తో బొమ్మలు వేసిన బట్టలు. అక్కడ బట్ట అంటే కట్టుకునేది మాత్రమే కాదు. పెళ్లి కానుక, శవం మీద కప్పేది, తరాల తరబడి పెట్టెలో దాచే ఆస్తి. కోరమాండల్‌లో అద్దిన పాత వస్త్రాలు సులవేసిలోని తొరాజా కుటుంబాల దగ్గర వారసత్వంగా ఇప్పటికీ ఉన్నాయి.

అందుకే డచ్చివారు 1605లో మచిలీపట్నంలో, మరుసటి ఏడు నిజాంపట్నంలో మకాం పెట్టారు. నిజాంపట్నం చుట్టుపక్కల ఇసుక నేలల్లో పెరిగే చిరివేరు ఇచ్చే ఎరుపు అప్పట్లో తీరమంతా పేరుపొందినది. కృష్ణా, గోదావరి డెల్టాల నేతగాళ్లు, అద్దకం పనివాళ్లు తమ బట్ట ఎంత దూరం వెళుతుందో తెలియకుండానే ఆ వ్యాపారానికి ఇరుసు అయ్యారు. కోరమాండల్ తీరం సుగంధ ద్రవ్యాలు పండే మొలక్కా దీవులకు ఎడమచేయి లాంటిదని, ఆ బట్ట లేకపోతే అక్కడి వ్యాపారం చచ్చిపోయినట్టేనని హెండ్రిక్ బ్రౌవర్ అనే డచ్ అధికారి 1612లో రాశాడు. మన పాఠ్యపుస్తకాల్లో మచిలీపట్నం పేరు 'ఐరోపా వారి వర్తక స్థావరాలు' అనే జాబితాలో ఒక వరుసగా వచ్చి పోతుంది. అక్కడ బేళ్లు కట్టిన బట్ట ఎక్కడికి వెళ్లింది, దానితో ఏం కొన్నారు అనేది ఆ జాబితా చెప్పదు.

సంతకం ఎవరిది, బాధ్యత ఎవరిది

1602 మే నెలలో వోల్ఫర్ట్ హర్మెన్స్ అనే డచ్ నౌకాధిపతి కొందరు ఒరాంగ్ కాయాల చేత ఒక ఒప్పందం రాయించుకున్నాడు. జాజికాయ, జాపత్రి ఇకపై డచ్చివారికి తప్ప ఎవరికీ అమ్మకూడదు. బదులుగా పోర్చుగీసుల నుంచి రక్షణ. అందరు పెద్దలూ దీనికి ఒప్పుకోలేదు. ఒప్పుకున్నవారిలో ఎందరికి ఆ కాగితంలోని మాట పూర్తిగా అర్థమైందో చెప్పలేం. కొందరు సుంకం లేని బేరం కోసం, కొందరు ఫిరంగులున్న అతిథిని నొప్పించడం ఎందుకని చేయి కలిపి ఉంటారు. కంపెనీ దృష్టిలో మాత్రం ఆ రోజు నుంచి బాండా జనమంతా ఒకే సంతకానికి కట్టుబడిన బాకీదారులు.

ఆ షరతు పాటించడం సాధ్యమేనా అని ఒకసారి చూడండి. డచ్ ఓడ ఏడాదికోసారి రావచ్చు, రాకపోవచ్చు. వచ్చినా బియ్యం, సాగో సరిపడా తేదు. తెచ్చిన బట్ట ధర ఎక్కువ, జాజికాయకిచ్చే ధర తక్కువ. ఈలోగా తరతరాలుగా వస్తున్న జావా, మకస్సార్ వర్తకులు గింజలు నింపుకుని రేవులో నిలబడి ఉంటారు. వాళ్లను వెనక్కి పంపడమంటే పిల్లలను పస్తు పెట్టడమే. కాబట్టి జనం అమ్మారు. కంపెనీ దాన్ని 'మాట తప్పడం' అని రాసుకుంది. నేటికీ కొన్ని చరిత్రల్లో బాండావాసుల 'ద్రోహం' అని కనిపించే ఆరోపణకు పునాది ఇదే.

1609లో పీటర్ వెర్హూఫ్ పెద్ద నౌకాదళంతో వచ్చి, నెయిరా దీవిలో పోర్చుగీసులు ఎప్పుడో వదిలేసిన పునాదుల మీద కోట కట్టడం మొదలుపెట్టాడు. అక్కడివారి అనుమతి అడిగింది లేదు. మే నెలలో చర్చలకని పిలిచిన పెద్దలు అతన్నీ, అతని వెంట ఉన్న నలభై మందికి పైగా మనుషులనూ మాటు వేసి చంపారు. ఇది దాచవలసిన సంగతి కాదు. బాండా జనం అమాయకంగా చేతులు కట్టుకుని కూర్చున్నవారు కాదు, యుద్ధం తెలిసినవారు, ఎత్తులు వేయగలిగినవారు. తమ నేల మీద లేస్తున్న కోట అంటే ఏమిటో వాళ్లకు స్పష్టంగా తెలుసు. ఆ దళంలో చిన్న గుమాస్తాగా వచ్చిన యువకుడు యాన్ పీటర్సూన్ కోయెన్. పన్నెండేళ్ల తర్వాత అతనే తిరిగి వస్తాడు, ఈసారి గవర్నర్ జనరల్‌గా.

మధ్యలో ఇంగ్లిషువారు ప్రవేశించారు. ఐ, రన్ దీవుల పెద్దలు డచ్చివారి మీద వాళ్లను నిలబెట్టాలని చూశారు. 1615లో ఐ దీవి మీద డచ్ దాడి తిప్పికొట్టబడింది, మరుసటి ఏడు మళ్లీ వచ్చి గెలిచారు. రన్‌లో నథానియేల్ కోర్ట్‌హోప్ అనే ఇంగ్లిషు నావికుడు కొద్దిమందితో 1616 నుంచి దాదాపు నాలుగేళ్లు పట్టు నిలుపుకుని 1620లో చనిపోయాడు. ఇంగ్లిషు రాతల్లో ఇది వీరగాథ. ఆ నాలుగేళ్లు దిగ్బంధంలో రన్ దీవి జనం ఏం తిన్నారన్నది ఆ గాథకు అవసరం పడలేదు.

1621

కోయెన్ తన ఆలోచనను దాచుకున్న మనిషి కాదు. యుద్ధం లేకుండా వ్యాపారం సాగదని, వ్యాపారం లేకుండా యుద్ధం సాగదని 1614లోనే డైరెక్టర్లకు రాశాడు. 1619లో జకార్తాను తగలబెట్టి దాని మీద బతావియా నగరం కట్టాడు. 1621 ఫిబ్రవరి చివర్లో పదమూడు పెద్ద ఓడలు, మరికొన్ని పడవలు, పదహారు వందల దాకా సైనికులు, జపాన్ నుంచి కూలికి తెచ్చిన కత్తిసాము వీరులు, తెడ్లు వేయడానికి జావా ఖైదీలతో బాండాకు వచ్చాడు.

మార్చి నెలలో పెద్ద దీవి లోంతోర్ లొంగింది. షరతులు: ఆయుధాలు అప్పగించాలి, కోటగోడలు కూల్చాలి, కొడుకులను బందీలుగా ఇవ్వాలి, పంటలో పదో వంతు ఊరికే ఇచ్చి మిగిలింది కంపెనీకే అమ్మాలి. కొన్ని ఆయుధాలు వచ్చాయి, అన్నీ రాలేదు. జనం కొండల మీదికి వెళ్లిపోయారు. మార్టినస్ సాంక్ అనే అధికారి సెలామోన్ ఊళ్లో మసీదును ఆక్రమించి మకాంగా మార్చుకున్నాడు. వద్దని ఊరివారు బతిమాలుకున్నారు. ఏప్రిల్ 21 రాత్రి అందులో వేలాడుతున్న దీపం కింద పడింది. చీకట్లో గగ్గోలు పుట్టింది. తమ మీద దాడికి ఇది సంకేతమని డచ్చివారు తేల్చేశారు. దీపం పడటం కుట్రకు రుజువు అయింది.

దొరికిన ఒరాంగ్ కాయాలను ఓడల్లో చిత్రహింస పెట్టి కుట్రను ఒప్పించారు. మే 8న నెయిరాలో డచ్చివారి నాసావు కోట బయట వెదురు కంచె కట్టి, నలభై నాలుగు మందిని చేతులు కట్టి లోపలికి తోలారు. జపాన్ కత్తివీరులు ఆరుగురు లోపలికి వెళ్లారు. ముఖ్యులని పేర్కొన్న ఎనిమిది మందిని నరికి ముక్కలు చేశారు, మిగిలినవారి తలలు తీశారు. చూస్తూ నిలబడిన ఒక డచ్ అధికారే ఇదంతా రాశాడు. చావబోయేవారిలో ఒకడు డచ్ భాషలోనే "అయ్యా, దయ అనేది లేదా?" అని అడిగాడని, జవాబు ఏమీ రాలేదని అతని రాతలో ఉంది. డచ్ మాట నేర్చుకునేంత కాలం వాళ్లతో బేరాలాడిన మనిషి అన్నమాట.

పెద్దలు పోయాక మిగతా పని ఆకలి చేసింది. ఊళ్లు తగలబెట్టారు, పడవలు ధ్వంసం చేశారు, కొండల చుట్టూ కాపలా పెట్టారు. కొండల్లో ఉన్నవారిలో చాలామంది లొంగడం కంటే కొండచరియల మీద నుంచి దూకడం మేలనుకున్నారు. ఆకలితో, కత్తితో కలిపి సుమారు రెండున్నర వేల మంది చనిపోయారని కోయెన్ లెక్క. ఎనిమిది వందల మంది వరకు, ఎక్కువగా స్త్రీలు, పిల్లలు, బతావియాకు బానిసలుగా తరలింపబడ్డారు. కొందరు రాత్రివేళ పడవల్లో సెరామ్, కెయి, మకస్సార్ వైపు తప్పించుకున్నారు. ఎంతమంది చనిపోయారు, ఎంతమంది తప్పించుకున్నారు అన్న లెక్కల మీద చరిత్రకారుల్లో తేడాలున్నాయి. దీవులు ఖాళీ అయ్యాయన్న దాని మీద లేవు.

హాలండ్‌లోని డైరెక్టర్లకు వార్త చేరాక ఇంత కఠినంగా ఉండనక్కర్లేదని అభిప్రాయపడ్డారు. అభిప్రాయపడుతూనే కోయెన్‌కు మూడు వేల గిల్డర్ల పారితోషికం మంజూరు చేశారు.

ఖాళీ దీవుల్లో తోటలు

జనాన్ని తీసేస్తే పని ఎవరు చేయాలి? కోయెన్ దగ్గర జవాబు ముందే ఉంది. జాజి అడవిని అరవై ఎనిమిది కమతాలుగా కోసి, కంపెనీ మాజీ సిపాయిలకు, ఉద్యోగులకు ఇచ్చారు. ఒక్కో కమతానికి పాతికమంది చొప్పున బానిసలు. పంటంతా కంపెనీకే, కంపెనీ చెప్పిన ధరకే. బియ్యం, బట్ట కంపెనీ దగ్గరే కొనాలి. బాండా పెద్దలు ఏ షరతుకు ఒప్పుకోలేక చనిపోయారో అదే షరతు ఇప్పుడు ఎదురుచెప్పలేని మనుషులతో అమలైంది. 1638 నాటి లెక్కలో దీవుల జనాభా నాలుగు వేల లోపు, అందులో అసలు బాండావారు ఆరు వందలు కూడా లేరు. వారిలోనూ కొందరిని బతావియా నుంచి వెనక్కి రప్పించారు: చెట్టును ఎలా సాకాలో, గింజను ఎప్పుడు దించాలో కొత్త యజమానులకు తెలియలేదు.

బానిసలు ఎక్కడివారు? చుట్టుపక్కల దీవులవారు, మలయావారు, మలబారు, కోరమాండల్ తీరాలవారు. డచ్చివారి ముఖ్య స్థావరమైన పులికాట్, దాని దక్షిణాన ఉన్న రేవుల నుంచి 1620ల మొదట్లోనే బానిసల ఓడలు బతావియాకు వెళ్లాయి. తర్వాత కూడా 1640ల మధ్యలో, 1680ల చివర్లో తీరంలో కరువు పడ్డప్పుడల్లా ఈ వ్యాపారం పుంజుకునేది. పిడికెడు గింజల కోసం తమను, తమ పిల్లలను అమ్ముకున్న కుటుంబాలవి. అంటే మన తీరం నుంచి బట్టే కాదు, మనుషులు కూడా ఆ ఖాతాలోకి ఎక్కారు.

ఇక్కడ నన్ను ఎక్కువగా ఆలోచింపజేసేది ఒక పోలిక. అదే కంపెనీ, అదే దశాబ్దం, కొన్ని సందర్భాల్లో అవే ఓడలు. మచిలీపట్నంలో మాత్రం డచ్చివారి ప్రవర్తన వేరు. అక్కడ గోల్కొండ సుల్తాను ఫర్మానా కోసం కానుకలు మోసుకెళ్లేవారు. సుంకం దగ్గర రేవు అధికారులతో వాదించేవారు, అలిగేవారు, చివరికి చెల్లించేవారు. నేతగాళ్లకు అడ్వాన్సులిచ్చి, ఇంగ్లిషువాడు ఎక్కువిస్తే వాళ్లు అటు తిరిగితే పళ్లు నూరుకునేవారు. గోల్కొండలో కోయెన్లు లేరని కాదు. అక్కడ గుర్రపుదళం ఉంది, ఫిరంగులున్నాయి, వెనకాల వందల మైళ్ల లోతున దేశం ఉంది. ఇంకా ముఖ్యంగా, బట్ట ఒక ఊరి సరుకు కాదు. తీరం పొడవునా వేల మగ్గాలు. ఒక రేవును తగలబెడితే నేత ఇంకో రేవుకు వెళుతుంది. అన్ని మగ్గాలనూ ఒక్క కంచెలో పెట్టడం ఎవరి వల్లా కాదు. జాజికాయను పెట్టవచ్చు. బాండా శాపం అక్కడి జనం బలహీనత కంటే ఎక్కువగా ఆ పంట ఒంటరితనం.

గోల్కొండ బలం ఉన్నంతకాలమే ఆ మర్యాద అనడానికి కూడా రుజువు ఉంది. ఔరంగజేబు సేనలు గోల్కొండను కమ్ముకొస్తున్న 1686లో డచ్చివారు పాత బాకీల పేరు చెప్పి మచిలీపట్నాన్ని కొంతకాలం ఆక్రమించారు. ఎనభై ఏళ్లు సలాములు చేసిన రేవు అది.

రన్‌కు బదులు మాన్‌హాటన్

బాండా పేరు బయటి ప్రపంచంలో వినబడేది ఎక్కువగా ఒక సరదా కథ వల్ల. 1667లో బ్రెడా సంధిలో డచ్చివారు రన్ దీవిని ఉంచుకుని, ఇంగ్లిషువారికి మాన్‌హాటన్ వదిలేశారు, ఎంత నష్టపు బేరమో చూడండి అని. జరిగింది అచ్చంగా మార్పిడి కాదు. యుద్ధం ఆగినప్పుడు ఎవరి చేతిలో ఏముందో అది వారికే అన్నారు. 1664లోనే ఇంగ్లిషువారు న్యూ ఆమ్‌స్టర్‌డామ్‌ను పట్టుకుని న్యూయార్క్ అని పేరు మార్చారు. రన్ అంతకుముందే డచ్ చేతిలో ఉంది. ఇంగ్లిషువారికి పనికిరాకూడదని అక్కడి జాజిచెట్లను డచ్చివారే నరికించారు. ఈ కథ చెప్పి నవ్వుకునేవారికి ఒకవైపు మాన్‌హాటన్ మూలవాసులైన లెనాపే జనం, ఇంకోవైపు బాండా జనం గుర్తుకు రారు. రెండు చోట్లా నేల ఎవరిదో వాళ్లను అడక్కుండానే సంధి కుదిరింది.

గుత్తాధిపత్యాన్ని కాపాడుకోవడానికి కంపెనీ చేయని పని లేదు. కొన్న జాజికాయలను ఇంకోచోట మొలకెత్తకుండా సున్నంలో ముంచేవారు. గోదాముల్లో సరుకు ఎక్కువైతే ధర పడిపోకుండా తగలబెట్టేవారు. అయినా 1770 ప్రాంతంలో పియర్ పువావ్ర్ అనే ఫ్రెంచివాడి మనుషులు మొక్కలు దొంగిలించి మారిషస్ చేర్చారు. కంపెనీ 1799లో అప్పుల్లో మునిగి మూతపడింది. నెపోలియన్ యుద్ధాల కాలంలో బాండాను పట్టుకున్న ఇంగ్లిషువారు మొలకలను వేల సంఖ్యలో పెనాంగ్, సింహళం వంటి చోట్లకు తరలించారు. పంతొమ్మిదో శతాబ్దంలో చెట్టు కరీబియన్‌లోని గ్రెనడాకు చేరి అక్కడ ఎంతగా స్థిరపడిందంటే ఇప్పుడు ఆ దేశపు జెండా మీద జాజికాయ బొమ్మ ఉంది. కేరళ కొండల్లో పండేదీ ఆ సంతతే. ఏ ఒంటరితనం కోసం ఇంత రక్తం పారిందో అది రెండు శతాబ్దాలు కూడా నిలవలేదు. బాండాలో బానిసత్వం మాత్రం 1860 దాకా చట్టబద్ధంగానే ఉంది. ఆ తర్వాత కూడా డచ్ ప్రభుత్వం ఆ దీవులను మరచిపోలేదు: స్వాతంత్ర్య నాయకులు మహమ్మద్ హట్టా, సుతాన్ షహ్రీర్‌లను 1936 నుంచి 1942 దాకా ప్రవాస శిక్ష కింద అక్కడే ఉంచింది.

కోయెన్ సొంత ఊరు హోర్న్ నడిబొడ్డున 1893లో అతని విగ్రహం పెట్టారు. 2011లో ఒక క్రేన్ తగిలి అది కింద పడింది. తిరిగి నిలబెట్టాలా వద్దా అని ఊళ్లో పెద్ద చర్చే జరిగింది. నిలబెట్టారు, కాకపోతే అతని చేతలను విమర్శించే మాటలతో కొత్త పలకం చేర్చారు. నెయిరాలో చంపబడిన పెద్దల పేర్లతో ఒక స్మారకం ఉంది, వారి స్మృతిలో చకలేలే అనే యుద్ధనృత్యం ఆడతారు. ఆడేవారిలో చాలామంది తర్వాత తెచ్చిన బానిసల, ఖైదీల, వలసవచ్చినవారి వారసులు. తమ పూర్వీకులు చావు కారణంగా ఖాళీ అయిన చోటికి వచ్చారని తెలిసే, ఆ చావును తమదిగా చేసుకున్నారు.

అసలు బాండావారు అంతరించారని చాలా పుస్తకాలు రాస్తాయి. కెయి బెసార్ దీవిలో బాండా ఎలీ, బాండా ఎలాత్ అని రెండు ఊళ్లున్నాయి. 1621లో పడవల్లో తప్పించుకున్నవారి సంతానం అక్కడ ఉంటోంది. చుట్టూ ఉన్నవారి భాషకు భిన్నమైన బాండా భాషను కొన్ని వేల మంది ఇళ్లలో మాట్లాడుకుంటారు. పూర్వీకులు దాటివచ్చిన దారిని, వదిలివచ్చిన ఊళ్లను పాటల్లో పాడుకుంటారు. ఆ భాష ఇప్పుడు బాండా దీవుల్లో ఎవరికీ రాదు. మాట్లాడేది కెయిలోనే.